సొంత కూర్పులో నృత్య దర్శకులే నర్తించవచ్చా?

కొత్తఅడుగు:
నలుగురు నర్తకులతో మొదటిసారి ఒక నృత్యాన్ని కూరుస్తున్నాను, ప్రదర్శన నిర్వహణ కూడా నాదే. అయిదవ నర్తకిగా నేను కూడా వేదిక ఎక్కవచ్చా?

తెరవెనుక:
ఎక్కవద్దు. నర్తకి అర అడుగు పక్కకు జరిగితే ముఖం చీకట్లో పడుతుంది. అది హాలులో కూర్చున్నవారికి కనిపిస్తుంది గానీ ఆడుతున్నవారికి తెలియదు. పైగా టెక్నికల్ రిహార్సల్‌లో ప్రతి లైటు మార్పు దగ్గరా ఆగి, అది ఏ కదలికతో మొదలై ఎన్ని సెకన్లలో పూర్తి కావాలో తేల్చి, స్టేజ్ మేనేజర్ చేత క్యూ షీట్‌లో రాయించాలి. వేదిక మీద ఆయాసపడుతున్న మనిషి ఆ పని ఎప్పుడు చేస్తారు?

నిత్యజతి:
అమెరికా ఆధునిక నృత్య దర్శకురాలు మార్తా గ్రాహం దశాబ్దాల పాటు తన కూర్పులలో తానే ప్రధాన పాత్రలు ధరించారు. జర్మన్ నృత్య దర్శకురాలు పీనా బౌష్ 1978లో కూర్చిన 'కాఫే ముల్లర్'లో స్వయంగా నర్తించారు. ఇక అర అడుగు సంగతంటారా, లైటు కళ్ళలో పడుతోందో లేదో అనుభవమున్న నర్తకికి ఎవరూ చెప్పనక్కరలేదు.

తెరవెనుక:
ఎదురుగా ఉన్న లైటైతే తెలుస్తుంది. కానీ నృత్యంలో దేహపు ఆకృతిని చూపేవి పక్క తెరల మధ్య నిలువు స్తంభాలకు బిగించిన లైట్లు. ఒకే వరుసలో ఇద్దరుంటే, లైటుకు దగ్గరున్నవారి నీడ రెండవవారి మీద పడుతుంది. నీడ వేస్తున్నవారికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

చూపరి:
వీడియో తీసి చూసుకుంటే పోలేదా?

తెరవెనుక:
వీడియోలో వరుసల మధ్య ఎడం సరిగా తెలియదు. 1913లో 'రైట్ ఆఫ్ స్ప్రింగ్' బ్యాలే తొలి ప్రదర్శనలో ప్రేక్షకుల గోలకు సంగీతం వినబడకపోతే, ఆ బ్యాలే కూర్చిన నిజిన్‌స్కీ కుర్చీ ఎక్కి నర్తకులకు లెక్క అరిచి చెప్పారు. ఆయనే ఆడుతూ ఉంటే ఎవరు చెప్పేవారు?

చూపరి:
ఆయన నిలబడింది కూడా పక్క తెరల చాటునే కదా, హాలులో కాదు!

నిత్యజతి:
ప్రశ్న నృత్యం గురించి, తెరవెనుక గారి జవాబులన్నీ లైట్ల గురించి. బయట కూర్చునే దర్శకుడి దగ్గర నేను పనిచేశాను. ఒక ఘట్టంలో ఏమీ తోచక "మీరే ఏదైనా చేసి చూపించండి" అన్నారు. నేలకు ఒరిగి, మోచేతి మీద తిరిగి, చూపు ఎత్తకుండా లేచే వరుస పూర్తిగా నేను కట్టినది. కరపత్రంలో మాత్రం నృత్య రూపకల్పన కింద ఆయన పేరొక్కటే ఉంది. కుర్చీలో కూర్చుని చూడటం గొప్ప అని దయచేసి నాకు చెప్పకండి.

తెరవెనుక:
మీ పేరు వేయకపోవడం అన్యాయమే. అయితే వేదిక ఎక్కి ఆడేవారు కూడా పక్కవారి పేరు ఎగ్గొట్టగలరు. మీరు ఉదహరించిన పీనా బౌషే నర్తకులను ప్రశ్నలు అడిగి, వారి జవాబులలో చాలా వాటిని వదిలేసి, మిగిలినవాటిని అల్లారు. ఏది ఉంచాలో, దేని తరువాత ఏది రావాలో తేల్చడమే కూర్పు.

నిత్యజతి:
ఎంచుకున్నవారికి ఎంచుకున్నందుకు పేరు ఇవ్వండి. కనిపెట్టిన దేహం ముడిసరుకు కాదు. నా వరుస లేకపోతే ఆయన ఎంచుకోవడానికి అక్కడ ఏమీ లేదు.

తెరవెనుక:
ఆయన ఎంచుకోకపోతే మీ వరుస రిహార్సల్ గది దాటేది కాదు.

కొత్తఅడుగు:
నా నర్తకులు కూడా చాలా కదలికలు తెచ్చారు, కరపత్రం ఇంకా అచ్చుకు వెళ్ళలేదు. అయిదవ స్థానం వదులుకుని హాలులోనే ఉంటాను. రూపకల్పన కింద అయిదు పేర్లూ వేయిస్తాను.

తెరవెనుక:
మొదటి నిర్ణయం బాగుంది. రెండవది ఒప్పుకోను.