ఆఫీసు కౌన్సెలింగ్‌లో చెప్పుకున్నది హెచ్ఆర్ దాకా వెళ్తుందా?

అందరికీ నమస్కారం. గచ్చిబౌలిలో ఐటీ ఉద్యోగం నాది. మా టీమ్‌లో ఓ అమ్మాయికి నైట్ షిఫ్టుల వల్ల నెలల తరబడి సరిగా నిద్ర లేదు. మొన్న ప్యాంట్రీలో ఒక్కతే కూర్చుని ఏడుస్తోంది, చూసి మనసు కలుక్కుమంది. కంపెనీ తరఫున ఉచిత కౌన్సెలింగ్ ఉంది, బయటి సంస్థ వాళ్లే చేస్తారు. ఫోన్ చెయ్యమంటే, "అప్రైజల్‌లో నా మీద పడుతుంది అక్కా" అంటోంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. ఆ మాట చెప్పినా తన భయం పోలేదు.

ఇలాంటి సేవ వాడుకున్నవాళ్లు దయచేసి చెప్పండి: ఎంప్లాయీ ఐడీ అడిగారా? కంపెనీకి పేర్లు వెళ్తాయా, ఎంతమంది మాట్లాడారన్న లెక్క మాత్రమేనా? తెలుగులో మాట్లాడేవాళ్లు దొరికారా? తను మనసు విప్పేది తెలుగులోనే.

ప్రస్తుతానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇచ్చాను. తను ఇంకా ఫోన్ చెయ్యలేదు.