సీజన్ మొదలవకముందే తొలి మ్యాచ్ తుది జట్టును ఊహించడం ఎలా?

ప్రశ్న (అమలాపురం)

మిత్రులకు నమస్కారం. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ మొదలవుతుందనగా మా అమలాపురంలో కొందరం స్నేహితులం ఏటా ఒక చిన్న పోటీ పెట్టుకుంటాం. లండన్ క్లబ్ ఆర్సెనల్ తన తొలి లీగ్ మ్యాచ్‌లో ఏ పదకొండు మందితో దిగుతుందో ఎవరికి వారు కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, అందరికీ నమ్మకమైన ఒక మందుల షాపు యజమాని చేతికి అప్పగిస్తాం. మ్యాచ్‌కు వారం ముందే కవర్లు ఇచ్చేయాలన్నది మా నియమం. కాబట్టి మ్యాచ్ ముందురోజు మేనేజర్ విలేకరులతో చెప్పే మాటలు గానీ, ఆట మొదలయ్యే ముందు క్లబ్ ప్రకటించే జాబితా గానీ మాకు అక్కరకు రావు. డబ్బు పందెం ఏమీ లేదు. ఎక్కువ పేర్లు సరిగ్గా రాసినవారికి మిగతావారు ఆత్రేయపురం పూతరేకులు తెచ్చిపెట్టాలి, అంతే. అక్కడ శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు మొదలయ్యే ఆట ఆగస్టులో మనకు రాత్రి ఏడున్నరకే వస్తుంది కనుక పిల్లలు కూడా కూర్చుని చూస్తారు.

నేను అడగదలచుకున్నవి రెండు విషయాలు. మా వాళ్లలో కొందరు కిందటి సీజన్ చివర్లో ఆడిన జట్టునే పట్టుకుని, కొత్తగా కొన్నవాళ్లను అందులో చేర్చుతారు. కొందరు సీజన్‌కు ముందు జూలై, ఆగస్టు నెలల్లో సాధన కోసం జరిగే ఫ్రెండ్లీ మ్యాచ్‌లను మాత్రమే నమ్ముతారు. ఇంకొందరు ఎవరికి ఎక్కువ డబ్బు పెట్టి కొన్నారో వాళ్లు తప్పకుండా ఆడతారంటారు. ఈ మూడు ఆధారాల్లో దేనికి ఎంత విలువ ఇవ్వాలి? ముఖ్యంగా ఈ ఏడాది (2026) ప్రపంచ కప్ జూలై 19న ముగిసి, లీగ్ ఆగస్టు 22న మొదలవుతున్నప్పుడు లెక్క ఎలా మారుతుంది?

రెండవది, పేరు సరిగ్గా ఉండి ఆడిన స్థానం వేరైతే మార్కు ఇవ్వాలా వద్దా అన్న విషయంలో మాలో ప్రతిసారీ వాదన జరుగుతోంది. దీనికి న్యాయమైన పద్ధతి ఏదైనా ఉంటే చెప్పగలరు.

సమాధానం 1 (భీమవరం)

మీరు చెప్పిన మూడింటిలో చివరి ఫ్రెండ్లీ మ్యాచ్‌కే నేను ఎక్కువ విలువ ఇస్తాను. అయితే దానిలోంచి పేర్లు తీసుకోవాలి గానీ స్థానాలు తీసుకోకూడదు. ఆర్సెనల్ వరుసగా రెండేళ్లు దీనికి చక్కని సాక్ష్యం ఇచ్చింది.

2022 జూలై 30న ఎమిరేట్స్ మైదానంలో ఆ జట్టు స్పెయిన్ క్లబ్ సెవియాను 6-0తో ఓడించింది. గాబ్రియెల్ జీసస్ హ్యాట్రిక్ చేసిన ఆ ఆటలో అసలు చూడవలసింది గోల్స్ కాదు, రక్షణ వరుస. 2019లోనే కొన్నా ఫ్రాన్స్ క్లబ్‌లకు లోన్ మీద (అరువు ఆటగాడిగా) తిరుగుతూ, అప్పటివరకు ఆర్సెనల్ తరఫున ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడని సలీబా ఆ రోజు సెంటర్ బ్యాక్‌గా (రక్షణ వరుస మధ్యలో) ఆడాడు. అంతకుముందు సీజన్‌లో సెంటర్ బ్యాక్‌గా ఆడిన బెన్ వైట్ కుడి పక్కకు జరిగాడు, కొత్తగా వచ్చిన జించెంకో ఎడమ పక్క నిలిచాడు. ఆరు రోజుల తర్వాత క్రిస్టల్ ప్యాలెస్ మైదానంలో లీగ్ మొదలైనప్పుడు సరిగ్గా ఆ అమరికే దిగి 2-0తో గెలిచింది. కిందటి సీజన్ జట్టును నమ్ముకున్నవాళ్లు ఆ రక్షణ వరుసను పట్టుకోగలిగి ఉండేవాళ్లు కాదు.

మరుసటి ఏడాది కథ వేరు. 2023 ఆగస్టు 6న కమ్యూనిటీ షీల్డ్‌లో (లీగ్‌కు ముందు జరిగే ఒక్క మ్యాచ్ పోటీ) మాంచెస్టర్ సిటీతో ఆడిన పదకొండు మందికీ, 12వ తేదీన నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో లీగ్ మొదలుపెట్టిన పదకొండు మందికీ తేడా ఒక్క పేరే. సెంటర్ బ్యాక్ గాబ్రియెల్ (పైన చెప్పిన జీసస్ వేరు) బెంచ్‌కు వెళ్లాడు, స్ట్రైకర్ ఎన్‌కెటియా వచ్చాడు. కానీ ఆ ఒక్క మార్పుతో లోపలంతా కదిలింది. మిడ్‌ఫీల్డ్‌లో ఆడిన పార్టే రైట్ బ్యాక్ (కుడి పక్క రక్షకుడు) అయ్యాడు, రైట్ బ్యాక్ వైట్ సెంటర్ బ్యాక్ అయ్యాడు, ముందు స్ట్రైకర్‌గా ఆడిన హావెర్ట్స్ వెనక్కి మిడ్‌ఫీల్డ్‌లోకి వచ్చాడు. షీల్డ్ జట్టును చూసి రాసినవారికి పది పేర్లు సరిపోయేవి గానీ, స్థానాలతో సహా అడిగితే ఆ లెక్క బాగా తగ్గిపోయేది.

నాకు రొయ్యల చెరువులు ఉన్నాయి. మేత వేశాక చెక్ ట్రే పైకి లాగి చూస్తే రొయ్య మేత తింటున్నదీ లేనిదీ తెలుస్తుంది గానీ, చెరువు మొత్తంలో ఎన్ని ఉన్నాయో, ఏ మూల ఎలా ఉన్నాయో ఆ ట్రే చెప్పదు. ఫ్రెండ్లీ మ్యాచ్ నుంచి తీసుకోదగిన సమాచారం కూడా అంతవరకే. జూలైలో జరిగే తొలి ఫ్రెండ్లీలలో మేనేజర్లు సగం ఆటకు ఒక జట్టును, మిగతా సగానికి ఇంకొక జట్టును దింపుతారు కాబట్టి వాటిలో ఎవరు గోల్ కొట్టారన్నది దాదాపు పనికిరాదు. ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారు, ఏ నలుగురు రక్షకులు పదేపదే కలిసి ఆడుతున్నారు అన్న రెండింటిని మాత్రం తప్పకుండా రాసిపెట్టుకోండి. గంట దాటి ఆడించిన ఆటగాడిని తొలి మ్యాచ్‌కు సిద్ధం చేస్తున్నారనే అనుకోవచ్చు. ఏరేటర్ల దగ్గర రాత్రి కాపలా ఉన్నప్పుడు ఫోన్‌లో ఈ మ్యాచ్‌లు చూస్తూ నేను చేసేది ఇదే.

సమాధానం 2 (కాకినాడ)

నేను పాఠశాల పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాను. భీమవరం మిత్రులు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, దానికంటే ముందు వేయవలసిన అడుగు ఒకటి ఉందని నా అభిప్రాయం. తొలి మ్యాచ్‌లో దిగేది ఆ క్లబ్‌లోని అత్యుత్తమ పదకొండు మంది అనుకోవడంతోనే మన లెక్క పక్కదారి పడుతుంది. ఆ రోజుకు శరీరం సిద్ధంగా ఉన్నవాళ్లే ఆడతారు. కాబట్టి ముందుగా జట్టు మొత్తం పేర్లూ రాసుకుని, గాయాల వల్ల గానీ, ఆలస్యంగా సెలవు ముగియడం వల్ల గానీ సిద్ధంగా ఉండలేనివారిని కొట్టివేయాలి. ఎంపిక అన్నది ఆ తర్వాతే మొదలవుతుంది.

ప్రపంచ కప్ గురించి మీరు అడిగినదానికి 2024 వేసవి మంచి ఉదాహరణ. ఆ ఏడాది యూరో (ఐరోపా దేశాల కప్) ఫైనల్ జూలై 14న జరిగింది, ప్రీమియర్ లీగ్ ఆగస్టు 16న మొదలైంది, అంటే ఇప్పటి వ్యవధికి దాదాపు సమానమే. స్పెయిన్ తరఫున ఆ టోర్నీలో ఉత్తమ ఆటగాడిగా నిలిచిన రోడ్రి, ఫైనల్లో సగం ఆటకే గాయంతో బయటికి వచ్చాడు. చెల్సీ మైదానంలో అతడి క్లబ్ మాంచెస్టర్ సిటీ ఆడిన తొలి లీగ్ మ్యాచ్‌కు అతడు జట్టులోనే లేడు. అతడి స్థానంలో ఆడిన కొవాచిచ్ ఎవరు? గ్రూప్ దశలోనే ఇంటిదారి పట్టిన క్రొయేషియా ఆటగాడు, అందువల్ల విశ్రాంతి దొరికినవాడు. ముందు వరుసలో ఆడిన హాలండ్ దేశం నార్వే అసలు ఆ టోర్నీకి అర్హతే సాధించలేదు. సిటీ 2-0తో గెలిచిన ఆ మ్యాచ్‌లో రెండు గోల్స్ చేసింది ఈ ఇద్దరే. అందుకే ఈ వేసవిలో మీరు ఒక కాగితం మీద ఏ ఆటగాడి దేశం ఏ దశలో ప్రపంచ కప్ నుంచి వెళ్లిపోయిందో రాసుకుంటూ రండి. సెమీఫైనల్ దాకా ఆడినవారికి మూడు వారాలు సెలవు ఇస్తే శిక్షణకు వాళ్లు ఆగస్టులో గానీ తిరిగి రారు. అటువంటివారు తొలి మ్యాచ్‌లో బెంచ్ మీద ఉండే అవకాశమే ఎక్కువ. ఇందులో గోల్‌కీపర్లను, సెంటర్ బ్యాక్‌లను కొంత మినహాయించవచ్చు. పరుగు తక్కువ కావడంతో వాళ్లు త్వరగా అందుకుంటారు.

ఇక మేనేజర్ కొత్తవాడైతే కిందటి సీజన్ జట్టు మీద ఇంకా తక్కువగా ఆధారపడాలి. మేనేజర్ క్లాప్ వెళ్లిపోయి స్లాట్ వచ్చిన 2024లో, లివర్‌పూల్‌కు రక్షణ ముందు నిలిచే మిడ్‌ఫీల్డర్ కావాలని అందరూ అన్నారు. రియల్ సోసియెదాద్ నుంచి సుబిమెండిని తెద్దామనుకుంటే అతడు రానన్నాడు. అప్పుడు చాలామంది ఆ స్థానంలో ఎండోను రాసుకుంటే, ఇప్స్‌విచ్‌లో జరిగిన తొలి మ్యాచ్‌లో గ్రావెన్‌బెర్ఖ్ దిగాడు, ఆ తర్వాత సీజన్ అంతా అక్కడే ఆడాడు, లివర్‌పూల్ విజేత అయింది. అతడి ఆట చూస్తే కారణం తెలుస్తుంది. ప్రత్యర్థి వెనక నుంచి మీదికి వస్తుండగా బంతిని అందుకుని, ఒక్క భుజం వంపుతో అతడిని దాటి ముందుకు తిరగగలడు. వెనక నుంచి చిన్న పాస్‌లతో ఆట నిర్మించాలనుకునే మేనేజర్‌కు ఆ చోట కావలసిన గుణం అదే. కనుక ఒక స్థానానికి పేరు వెతికేటప్పుడు, అక్కడ ఇంతకుముందు ఎవరు ఆడారన్నది పక్కనపెట్టి, ఈ మేనేజర్ ఆ స్థానం నుంచి ఏ పని ఆశిస్తున్నాడో అడగండి.

సమాధానం 3 (రాజమహేంద్రవరం)

కొన్న ధర గురించి పై ఇద్దరూ ఏమీ అనలేదు కాబట్టి ఆ మాట నేను చెబుతాను. ధర పూర్తిగా పనికిరాని ఆధారం కాదు. పది కోట్ల పౌండ్లు పెట్టి 2023లో తెచ్చిన డెక్లాన్ రైస్ తొలి రోజు నుంచీ ఆడాడు. అయితే ఎప్పుడు కొన్నారన్నది ధర కంటే ముఖ్యం. జూలై మొదట్లో వచ్చి శిక్షణ శిబిరమంతా జట్టుతో గడిపినవాడికీ, తొలి మ్యాచ్‌కు మూడు రోజుల ముందు సంతకం చేసినవాడికీ మధ్య చాలా దూరం ఉంది. ఆటగాళ్ల బదిలీల గడువు లీగ్ మొదలైన తర్వాతే ముగుస్తుంది కనుక, తొలి మ్యాచ్ జట్టు ఎన్నోసార్లు తాత్కాలికమే. 2023లోనే చూడండి, ఆర్సెనల్ గోల్ ముందు రామ్స్‌డేల్ స్థానం గురించి ఎవరికీ అనుమానం లేదు. తొలి మ్యాచ్ అయిన మూడు రోజులకు బ్రెంట్‌ఫర్డ్ నుంచి రాయా లోన్ మీద వచ్చాడు, సెప్టెంబరు 17న ఎవర్టన్ మీద ఆడాడు, అక్కడి నుంచి ఆ స్థానం అతడిదే అయింది.

మన దేశపు లీగ్‌ను ఊహించదలచుకున్నవారికి ఇంకొక దారి ఉంది. 2021-22 నుంచి ఇండియన్ సూపర్ లీగ్‌లో మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులకు మించి ఉండకూడదు. ఆ సీజన్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచినప్పుడు రక్షణలో జువానన్, మధ్యలో జోవా విక్టర్, ముందు 18 గోల్స్ చేసిన ఒగ్బెచే ఉండేవారు. ఎడు గార్సియా, చియానీస్, సివేరియోలు మిగిలిన ఒక్క స్థానం కోసం పోటీ పడవలసి వచ్చేది. అంటే ముందు ఆ నలుగురు విదేశీయులెవరో తేల్చుకుంటే, ఏ స్థానాలు మనవాళ్లకు మిగిలాయో దానంతట అదే తెలుస్తుంది. ఫైనల్ షూటౌట్‌లో మూడు పెనాల్టీలు ఆపిన కట్టిమణి గోల్‌కీపర్‌గా ఉండడం వల్లనే ఆ జట్టు విదేశీయులందరినీ గోల్‌కీపర్ కాని స్థానాల్లో వాడుకోగలిగింది. ఆ క్లబ్ తర్వాత ఢిల్లీకి తరలిపోవడం తెలుగువారికి నిజంగా నష్టం. మన ఊళ్లలో పిల్లలు పేర్లు కంఠస్థం చేసిన జట్టు అది.

అడిగినవారి మాట (అమలాపురం)

ముగ్గురికీ ధన్యవాదాలు. ఈసారి కాగితానికి ఎడమ వైపు ప్రపంచ కప్‌లో ఎవరు ఎంతదాకా ఆడారో, కుడి వైపు ఫ్రెండ్లీలలో ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారో రాసుకుని, రెండింటినీ కలిపి చూస్తాను. మార్కుల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. భీమవరం మిత్రులు చెప్పిన పార్టే ఉదాహరణ మా వాదనను ఇంకా పెంచేలా ఉంది. జాబితాలో రైట్ బ్యాక్ అన్నారు గానీ, ఆర్సెనల్ దగ్గర బంతి ఉన్నప్పుడల్లా అతడు లోపలికి జరిగి మిడ్‌ఫీల్డ్‌లో నిలబడ్డాడు. అటువంటివాడిని మిడ్‌ఫీల్డర్‌గా రాసిన కాగితానికి ఏమి చేయాలి?

సమాధానం 4 (కాకినాడ)

బంతి ప్రత్యర్థి దగ్గర ఉన్నప్పుడు ఎక్కడ నిలబడ్డాడో అదే స్థానంగా లెక్కించండి. బంతి తమ దగ్గర ఉన్నప్పుడు ఈ రోజుల్లో అందరూ అటూ ఇటూ మారుతుంటారు, కానీ ఎదుటి వింగర్‌ను ఆపే బాధ్యత ఎవరిదో మాత్రం ఆట మొదలైన పది నిమిషాల్లో ఎవరికైనా కనిపిస్తుంది. ఆ లెక్కన 2023లో పార్టే రైట్ బ్యాకే. పేరుకు ఒక మార్కు, స్థానానికి అర మార్కు విడిగా పెట్టుకుంటే, పది పేర్లు పట్టుకున్నవారికీ అన్యాయం జరగదు, అమరికను కూడా పట్టుకున్నవారికి ముందంజ దక్కుతుంది. ఆట మొదలయ్యాక గాయం వల్ల మార్పు జరిగినా మార్కులు మారకూడదని ముందే రాసిపెట్టుకోండి. ఆ ఫారెస్ట్ మ్యాచ్‌లోనే లెఫ్ట్ బ్యాక్ టింబర్ రెండో సగం మొదట్లో మోకాలి గాయంతో బయటికి వచ్చి, దాదాపు సీజన్ అంతా ఆటకు దూరమయ్యాడు. అయినా అతడి పేరు రాసినవారికి రావలసిన మార్కు రావలసిందే.

సమాధానం 5 (భీమవరం)

కాకినాడ మాస్టారి పద్ధతి బాగుంది. ఒక్కటి చేర్చండి. కవరులో పదకొండు పేర్లతోపాటు బెంచ్ మీద నుంచి మొదట దిగే ఆటగాడి పేరు కూడా రాయించండి, ఇద్దరికి సమానంగా మార్కులు వచ్చినప్పుడు దానితో తేల్చుకోవచ్చు. ప్రపంచ కప్ జరిగిన ఏడాది కనుక, ఆలస్యంగా తిరిగి వచ్చిన పెద్ద ఆటగాళ్లలోంచే ఆ పేరును వెతకమని మీ వాళ్లకు చెప్పండి.