డాలస్ సబర్బ్స్‌లో ఫ్రీ ప్రీ-కే: మన పిల్లల్ని పంపడం తప్పా?

ఫ్రిస్కో_నాన్న: బాబుకి సెప్టెంబర్ 1కి నాలుగేళ్లు నిండుతాయి, ఇంట్లో అంతా తెలుగే, ఇంగ్లీష్ అంతంతమాత్రం కాబట్టి పబ్లిక్ స్కూల్‌లో ఫ్రీ ప్రీ-కేకి (కిండర్‌గార్టెన్‌కి ముందు క్లాస్) ఎలిజిబుల్ అంటున్నారు. ఫ్రెండ్సేమో అక్కడ ఎవరికీ ఇంగ్లీష్ రాదు ప్రైవేట్ మాంటిస్సోరికి పంపు, పేదవాళ్ల సీటు నీకెందుకు అంటున్నారు. ఏం చేయమంటారు?

ప్లేనో_అమ్మ: పంపండి. ముందు సీటు సంగతి. టెక్సాస్‌లో ఎలిజిబుల్ నాలుగేళ్ల పిల్లలు 15 మంది ఉంటే స్కూల్ డిస్ట్రిక్ట్ ప్రీ-కే పెట్టి తీరాలి, 2019లో హెచ్‌బీ 3 అనే స్టేట్ చట్టం వచ్చాక వాళ్లకి ఫుల్ డే కూడా ఇవ్వాలి. ఇన్‌కమ్ తక్కువున్నవాళ్లు, ఇంగ్లీష్ రానివాళ్లు, మిలిటరీవాళ్ల పిల్లలు, ఫాస్టర్ కేర్‌లో (ప్రభుత్వ సంరక్షణలో) ఉన్న పిల్లలు అందరికీ ఆ హక్కుంది, మీ బాబు చేరితే ఇంకొకరి సీటు పోదు.

ఇంక "ఎవరికీ ఇంగ్లీష్ రాదు" అనే మాట వింటే మాత్రం నాకు ఒళ్లు మండుతుందండి. మా పాప క్లాసులో స్పానిష్, అరబిక్, ఉర్దూ మాట్లాడే పిల్లలున్నారు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడేవాళ్లూ ఉన్నారు, ఇంతమందికీ కలిపి ఉన్న ఒకే భాష ఇంగ్లీష్ కాబట్టి బ్లాక్స్ దగ్గర "మై టర్న్" అని కొట్టుకుంటూనే నేర్చేసుకుంది. అంతకుముందు పంపిన ప్రైవేట్ ప్రీస్కూల్‌లో సగం మంది మనవాళ్లే, ఇద్దరు తెలుగు పిల్లలతో మూల కూర్చుని తెలుగులోనే ఆడుకునేది. ఒకే కమ్యూనిటీ, ఒకే రకం ఉద్యోగాలు, బర్త్‌డేలకి కూడా అవే మొహాలు, పిల్లలకి ఊరంతా ఇంతే అనిపించదా?

కొప్పెల్_డాడ్: మీరు చెప్పింది బానే ఉంది కానీ ఇద్దరం జాబ్స్‌లో ఉంటే మూడింటికి ఎవరు తెస్తారండీ? మా దగ్గర స్కూల్ అయ్యాక చూసుకునే ఆఫ్టర్‌కేర్‌లో ప్రీ-కే పిల్లల్ని తీసుకోరు. పైగా ఇంగ్లీష్ గడగడా మాట్లాడే పిల్లలకి కూడా, ఫ్రీ సీటు కోసం, స్కూల్ పెట్టే ఇంగ్లీష్ టెస్ట్‌లో నోరు తెరవద్దని నేర్పించి పంపేవాళ్లున్నారు, అది కరెక్టా?

ప్లేనో_అమ్మ: అది ముమ్మాటికీ తప్పే. పిల్లకి మొదటి రోజే అబద్ధం నేర్పినట్టు, పైగా ఇంగ్లీష్ రానివాళ్ల కోసం ఉన్న టీచర్ టైమ్ అవసరం లేని పిల్లకి పోతుంది. హోమ్ లాంగ్వేజ్ సర్వేలో ఇంట్లో ఏం మాట్లాడతారో అదే రాయండి, టెస్ట్‌లో ఏం వస్తే అది. పాస్ అయిపోయి ఫ్రీ సీటు రాకపోతే కొన్ని డిస్ట్రిక్ట్‌లలో ఫీజు కట్టి చేరే సీట్లుంటాయి, అడగండి. టైమింగ్ మాత్రం నిజంగా కష్టమేనండి, మా అత్తగారు ఇక్కడ ఉండబట్టి మాకు గడిచింది, లేకపోతే నేనూ ప్రైవేట్‌కే పంపేదాన్నేమో.