మామిడి తోటకి ఈదురుగాలుల భయం: కాయ ఎప్పుడు దించమంటారు?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా, కొత్తవలస వైపు. ఈ ఏడాది మొదటిసారి రెండెకరాల మామిడి తోట కౌలుకి తీసుకున్నాను. సగం సువర్ణరేఖ, సగం బంగినపల్లి, గట్టు మీద నాలుగు పణుకు రకం మామిడి చెట్లు (అవి ఇంటికే, అమ్మను).

నా భయం ఎండ కాదు, గాలి. మధ్యాహ్నం దాకా చెమటలు కక్కించే ఉక్క, సాయంత్రం నాలుగయ్యేసరికి పడమటి కొండల మీద నల్లమబ్బు, ఆపైన అరగంట గాలివాన. ఏప్రిల్, మే నెలల్లో మాకిది మామూలే. ఆ అరగంట చాలు, కాయంతా నేల మీదుంటుంది. రాలిన కాయని ఊరగాయకి తప్ప ఎవరూ అడగరు. 2019 మే మొదట్లో ఫణి తుపాను తీరం దాటింది పూరీ దగ్గరే అయినా శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం, కవిటి వైపు గాలులు గట్టిగానే కొట్టాయి. కాబట్టి మే అంటేనే గుబులు.

వాతావరణ శాఖ వేసవి అంచనాలు చూస్తూనే ఉన్నాను. ఎండలు మామూలు కంటే ఎక్కువా తక్కువా అని వాటిలో తెలుస్తుంది గానీ, నా తోట మీదకి ఏ రోజు గాలొస్తుందో తెలియదు కదా. పిడుగుల హెచ్చరిక ఫోన్‌కి వచ్చేసరికి మబ్బు నెత్తి మీదే ఉంటుంది.

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: సువర్ణరేఖ కాయకి భుజాలు (తొడిమ పక్క భాగం) తేలగానే దించేయొచ్చా, టెంక ముదిరేదాకా ఆగాలా? పడమటి గట్టున సరుగుడు వేస్తే ఎన్నేళ్లకి గాలి ఆపుతుంది? కౌలుదారుణ్ణి కదా, ఆసామిని ఒప్పించాలి మరి.