‘బ్లీ’ అరువు మాటా, సొంత మాటా?

స్టాక్‌హోమ్ వాసి:
స్వీడిష్‌లో డాక్టరు కావాలన్నా, వానలో తడవాలన్నా, సభకు ఎన్నిక కావాలన్నా ‘బ్లీ’ అనే క్రియ ఉండాల్సిందే. మన ‘అవు’ లాంటిది. కానీ అది వాళ్ల సొంత మాట కాదు. మధ్యయుగంలో ఉత్తర ఐరోపా వ్యాపారాన్ని నడిపిన జర్మన్ వర్తక కూటమి హాన్సా. ఆ వర్తకులు మాట్లాడిన ఉత్తర జర్మనీ భాష, దిగువ జర్మన్‌లోని ‘బ్లీవెన్’ అది. దాని రాకతో ‘వార్దా’ అనే పాత క్రియ మూలపడింది. 1917 నాటి స్వీడిష్ బైబిల్లో దేవుడు ‘వార్దె యూస్’ అన్నాడు. మన పాత అనువాదంలోని ‘వెలుగు కమ్ము’ కూడా ఇలాంటిదే. 2000 నాటి అనువాదానికి అది ‘యూస్, బ్లీ తిల్’ అయింది. ఐస్‌లాండ్ వాళ్లు ‘వెర్ధా’ను నిలుపుకున్నారు. నార్వేజియన్‌కున్న రెండు రాత రూపాల్లో ఒకటైన నీనొర్‌స్క్ రాసేవారిలో కొందరు ‘వెర్తె’ను ఇప్పటికీ వదలరు. వాళ్లదే సరైన దారి అంటాను.

వ్యుత్పత్తి ప్రియుడు:
మీ బాధ అర్థమైంది కానీ ఒప్పుకోలేనండి. 1471 వరకు స్టాక్‌హోమ్ నగర మండలిలో సగం స్థానాలు జర్మన్లవి. ఇరుగుపొరుగుగా బతికినవాళ్ల మాటలు కలవకుండా ఎలా ఉంటాయి? పైగా ‘బ్లీవెన్’కు అసలు అర్థం ‘ఉండిపోవడం’. జర్మన్‌లో దాని చుట్టం ‘బ్లైబెన్’ ఇప్పటికీ అక్కడే ఆగింది. ‘అవడం’ అనడానికి వాళ్లకు ‘వెర్డెన్’ ఉంది. డేనిష్‌లో మాత్రం ‘ఇక్కడే ఉండు’ అనడానికీ ‘అవు’ అనడానికీ ఒకే క్రియ. ‘ఆ మాట విని అలాగే ఉండిపోయాడు’ అంటాం చూడండి, అందులో ఉండడమూ ఉంది, మారడమూ ఉంది. ఆ సందులోంచే అర్థం జారిందని నా నమ్మకం.

ఇంకో సంగతి. ‘బ్లీవెన్’ మూలధాతువుకు అంటుకోవడం, పూయడం అని అర్థం. సంస్కృతం ద్వారా మనకు వచ్చిన ‘లేపనం’ ఆ ధాతువుదే. ‘వార్దా’ మూలం తిరగడం. మన ‘వర్తమానం’ దాని బంధువు. రెండు వంశాలూ మన ఇంట్లోనే ఉన్నాయి!

స్టాక్‌హోమ్ వాసి:
లేపనం సంగతి నాకు తెలియదు, సంతోషమండి. అరువు తప్పన్నమాట వెనక్కి తీసుకుంటాను. కానీ ‘వార్దా’ చచ్చిపోయిందంటే మాత్రం ఊరుకోను. మధ్య స్వీడన్‌లో మాట్లాడేటప్పుడు ‘అయింది’ అనడానికి ‘బ్లేవ్’ బదులు ‘వర్ట్’ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది ‘వార్దా’ భూతకాల రూపమే. బడి పుస్తకాలు దాన్ని పాతమాట అని పక్కన పెట్టినా వాళ్ల నోట బతికే ఉంది.

వ్యుత్పత్తి ప్రియుడు:
అక్కడ మీతో ఏకీభవిస్తాను. ఫారో దీవుల భాషలో ‘వెర్ధా’, ‘బ్లీవా’ రెండూ ఉన్నాయి. ఒకటి ఉండాలంటే ఇంకొకటి పోవాలన్న నియమం ఎక్కడుంది?