బోరు నీటి కఠినత్వం 560: అపార్ట్‌మెంటుకు సాఫ్ట్‌నర్ పెట్టించడం సరైనదేనా?

ప్రశ్న (బాచుపల్లి నివాసి)

మేము హైదరాబాదు శివార్లలో, బాచుపల్లి వైపు, 24 ఫ్లాట్లున్న అపార్ట్‌మెంటులో నాలుగేళ్లుగా ఉంటున్నాము. నల్లా నీరు రోజు విడిచి రోజు వస్తుంది. అది చాలదు కాబట్టి బోరు నీటిని కూడా అదే సంపులోకి వదులుతారు. ఎండాకాలం వచ్చేసరికి బోరు నీటి వాటా పెరిగి, సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, కుక్కరు ఎన్ని కూతలు వేసినా కందిపప్పు పలుకుగానే మిగులుతుంది. గత నెలలో గీజరు పాడైతే మెకానిక్ విప్పి చూపించాడు. లోపలి కాయిల్ మీద బొటనవేలి మందాన తెల్లటి సున్నం పేరుకుని ఉంది, స్పానరుతో తట్టగానే పెంకుల్లా రాలింది.

సంపు నీటిని ల్యాబులో పరీక్ష చేయిస్తే మొత్తం కఠినత్వం 560, టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న మొత్తం లవణాలు) 980, ఫ్లోరైడు 1.2, నైట్రేటు 68 అని వచ్చింది, అన్నీ లీటరుకు మిల్లీగ్రాములలో. సాఫ్ట్‌నర్ (నీటి కఠినత్వం తగ్గించే యంత్రం) అమ్మడానికి వచ్చిన వారు టీడీఎస్ మీటరు ముంచి చూపించి, తమ యంత్రం పెడితే ఆ అంకె 150కి దిగుతుందని చెప్పారు. వచ్చే ఆదివారం అసోసియేషన్ సమావేశంలో నిర్ణయం తీసుకోవాలి. మా ఇంట్లో అయిదు నెలల బాబు ఉన్నాడు, వాడికి డబ్బా పాలు పడుతున్నాము. ఈ మధ్య వాడి చర్మం పొడిబారుతోంది. అమ్మకు రక్తపోటు ఉంది. వంటింట్లో ఉన్నది యూవీ (అతినీలలోహిత కాంతితో క్రిములను చంపే) ఫిల్టరు మాత్రమే. సాఫ్ట్‌నర్ పెట్టిస్తే మా ఇబ్బందులు తీరుతాయా?

సమాధానం 1 (నీటి పరీక్షల ల్యాబులో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని)

మీరు అడిగింది కఠినత్వం గురించే అయినా, మీ రిపోర్టులో నన్ను కలవరపెట్టిన అంకె నైట్రేటు. తాగునీటికి మన దేశంలో అమలులో ఉన్న ఐఎస్ 10500 ప్రమాణం (2012) ప్రకారం కఠినత్వం 200 లోపు ఉండాలి, వేరే నీటి వసతి లేనప్పుడు 600 వరకు సరిపెట్టుకోవచ్చు. టీడీఎస్‌కు ఆ హద్దులు 500, 2000. ఫ్లోరైడుకు 1, 1.5. వీటన్నిటిలోనూ మీరు ఆ రెండు హద్దుల మధ్య ఉన్నారు. నైట్రేటుకు మాత్రం 45 ఒక్కటే హద్దు, దానికి సడలింపు లేదు. మీది 68.

సాఫ్ట్‌నర్‌లోని రెజిన్ (సన్నటి పూసల్లాంటి పదార్థం) నీటిలోని కఠినత్వానికి కారణమైన కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని వాటికి బదులుగా సోడియంను వదులుతుంది. నైట్రేటు దాని చేతికి చిక్కదు, వచ్చింది వచ్చినట్టే దాటిపోతుంది. ఒక లవణం పోయిన చోట మరొకటి చేరుతుంది కాబట్టి టీడీఎస్ కూడా చెప్పుకోదగినంతగా తగ్గదు. అది 150కి దిగుతుందంటే వారు చెప్పినది ఆర్వో (సన్నటి పొర గుండా నీటిని నెట్టి లవణాలను తీసే యంత్రం) గురించి అయి ఉండాలి, లేదా చెప్పినది తప్పు అయి ఉండాలి. టీడీఎస్ మీటరు నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలిచి దాన్ని అంకెగా చూపుతుంది, కఠినత్వం దానికి తెలియదు. మేము కఠినత్వం చూడాలంటే నీటిలో ఎరియోక్రోమ్ బ్లాక్ టి అనే రంగు కలుపుతాము, నీరు ద్రాక్షరసం రంగుకు తిరుగుతుంది. ఆపైన కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకునే ఈడీటీఏ ద్రావణాన్ని చుక్క చుక్కగా వదులుతూ ఉంటే, చివరి ఒక్క చుక్కతో ఫ్లాస్కు మొత్తం నీలంగా మారుతుంది. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో దాన్నిబట్టి లెక్క కడతాము.

అమ్మగారికి రక్తపోటు ఉంది కాబట్టి సోడియం విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి. కఠినత్వం 100 తగ్గితే లీటరుకు సుమారు 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. 560ని 60కి దించితే చేరేది 230. అందువల్ల వంటింటి కుళాయిని సాఫ్ట్‌నర్ లైనుకు కలపకండి. ముందుగా బోరు నీటిని, నల్లా నీటిని సంపులో కలవక మునుపే విడివిడిగా పట్టి పరీక్ష చేయించండి. కోలిఫారం (మురుగు కలిసిందేమో తెలిపే బ్యాక్టీరియా) పరీక్షకు ల్యాబువారు ఇచ్చే శుద్ధి చేసిన సీసాలోనే పట్టి, మంచులో పెట్టి, అదే రోజు అందజేయండి.

సమాధానం 2 (పిల్లల వైద్యురాలిని)

పై సమాధానంలోని నైట్రేటు మాటను దయచేసి తేలికగా తీసుకోకండి. ఆరు నెలల లోపు పిల్లలలో నైట్రేటు నైట్రైటుగా మారి, రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తిని తగ్గించవచ్చు. 68 ఉన్నంత మాత్రాన జబ్బు వస్తుందని నేను అనడం లేదు, కానీ డబ్బా పాలు ఆ నీటితో కలపవద్దు. చాలామంది తల్లులు మరిగించిన నీరు కదా అని ధైర్యంగా ఉంటారు. మరిగిస్తే క్రిములు చస్తాయి, నైట్రేటు పోదు. ఆవిరి పోయిన కొద్దీ చిక్కబడుతుంది. యూవీ కూడా దాన్ని తీయదు. పెదవులు, గోళ్లు నీలంగా కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

చర్మం సంగతికి వస్తే, తామర (ఎగ్జిమా) ఉన్న 336 మంది పిల్లలతో బ్రిటన్‌లో జరిపిన పరీక్ష ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ఇంట్లో సాఫ్ట్‌నర్ పెట్టినందువల్ల 12 వారాలలో అదనపు మేలు కనబడలేదు. సబ్బు తగ్గించి, స్నానం కాగానే కొబ్బరి నూనె గానీ మాయిశ్చరైజరు గానీ రాయండి. తగ్గకపోతే వైద్యులకు చూపించండి.

సమాధానం 3 (కొంపల్లి, అసోసియేషన్ కోశాధికారిని)

మా అపార్ట్‌మెంటులో రెండేళ్లుగా సాఫ్ట్‌నర్ నడుస్తోంది. గీజర్లకు, వాషింగ్ మెషీన్లకు దానివల్ల నిజంగా ఊరట కలిగింది. అయితే యంత్రం కొనడంతో ఖర్చు ఆగదు. రెజిన్‌ను మళ్లీ పనిలోకి తేవడానికి క్రమం తప్పకుండా ఉప్పునీటితో కడగాలి, ఆ ఉప్పు బస్తాలు ఎవరు తేవాలి, ఎవరు వేయాలి అన్నది ముందే తేల్చుకోకపోతే నెల తిరగకుండానే పాత నీరే వస్తుంది. మా వాచ్‌మన్ మొదట్లో ఆ కడిగిన నీటిని మొక్కలకు మళ్లించాడు. గేటు పక్కన ఏపుగా పెరిగిన కరివేపాకు చెట్టు ఆకులు అంచుల నుంచి మాడుతూ రెండు నెలల్లో ఎండిపోయింది. ఆ నీరు డ్రైనేజీలోకే పోవాలి, ఇంకుడు గుంతలోకి అసలే పోకూడదు. పోతే మీ బోరులోకే ఉప్పు దింపుకున్నట్టు అవుతుంది.

ప్రశ్న అడిగినవారు, పది రోజుల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. విడిగా పరీక్ష చేయిస్తే బోరు నీటిలో నైట్రేటు 91, నల్లా నీటిలో 7 వచ్చింది. నల్లా నీటి కఠినత్వం 140 మాత్రమే. బాబు పాలకు ఆ రోజు నుంచే నల్లా నీటిని నేరుగా పట్టి, కాచి వాడుతున్నాము. సాఫ్ట్‌నర్ విషయం వాయిదా వేసి, ముందు నల్లా నీటికి వేరే ట్యాంకు, అక్కడి నుంచి ప్రతి వంటింటికీ ఒక లైను వేయించాలని సమావేశంలో ఒప్పుకున్నారు. బోరులోకి ఇంత నైట్రేటు ఎక్కడిదో మాత్రం అర్థం కావడం లేదు.

సమాధానం 1 ఇచ్చినవారు

పొలాలు లేని చోట మొదట అనుమానించవలసినది మురుగునీటినే. బోరుకు దగ్గరలో సెప్టిక్ ట్యాంకు గానీ, పగిలిన మ్యాన్‌హోల్ గానీ ఉన్నదేమో చూడండి, బోరు కేసింగ్ (పై భాగంలో దించిన గొట్టం) చుట్టూ సిమెంటు గట్టిగా ఉన్నదో లేదో కూడా చూడండి. కోలిఫారం ఫలితం రాగానే ఇక్కడ రాయండి.