పేపాల్ పేరుతో వచ్చిన ఇన్వాయిస్: ఫోన్ చేయాలా, వద్దా?

ప్రశ్న (టెక్సాస్ నుంచి)

పెద్దలందరికీ నమస్కారం. మాది విశాఖపట్నంలోని గాజువాక. చదువు కోసం ఇక్కడికి వచ్చి మూడు వారాలయింది. నేను కొనని ఫోనుకు 649 డాలర్లు తీసుకుంటామనీ, వద్దనుకుంటే 24 గంటల్లోపు ఫలానా నంబరుకు ఫోన్ చేయాలనీ నిన్న రాత్రి ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్ పేరుతో ఈమెయిలులో ఒక ఇన్వాయిస్ (బిల్లు) వచ్చింది. పంపినవారి చిరునామా చూస్తే నిజంగా పేపాల్‌దే. నాన్నగారు పీఎఫ్ డబ్బు తీసి పంపిన మొత్తం నా ఖాతాలో ఉంది. ఏం చేయాలో దయచేసి చెప్పండి.

జవాబు (న్యూజెర్సీ నుంచి)

తమ్ముడూ, మాది ఎం.వి.పి. కాలనీ. ఇక్కడికి వచ్చి పదహారేళ్లయింది. ముందుగా ఒక్క మాట: ఆ నంబరుకు ఫోన్ చేయవద్దు.

చిరునామా అసలుదే కావడం నిన్ను కలవరపెట్టింది కదా, దాని వెనక ఉన్న కిటుకు ఇది. పేపాల్‌లో ఖాతా ఉన్నవారు ఎవరి ఈమెయిలుకైనా ఇన్వాయిస్ పంపవచ్చు కాబట్టి, మోసగాడు పంపినా ఆ ఉత్తరం ఆ సంస్థ సర్వర్ల నుంచే వస్తుంది. అమ్మకందారు తన మాట రాసుకునే గడిలో అతడు తన ఫోన్ నంబరు పెడతాడు. ఇన్వాయిస్ అంటే డబ్బు అడగడమే తప్ప తీసుకోవడం కాదు. నువ్వు చెల్లిస్తే తప్ప దానివల్ల నీ ఖాతాలోంచి ఒక్క సెంటు కూడా పోదు. ఫోన్ చేస్తే మాత్రం, సొమ్ము వాపసు ఇస్తామంటూ నీ కంప్యూటరును దూరం నుంచే నడపడానికి వీలిచ్చే ఎనీడెస్క్ వంటి ప్రోగ్రాము అందులో పెట్టించి, నీ కళ్ల ముందే బ్యాంకు ఖాతా తెరిపిస్తారు. అసలు నష్టం అక్కడ మొదలవుతుంది.

కాబట్టి ఉత్తరంలోని లింకు ముట్టుకోకుండా యాప్ నువ్వే తెరిచి చూడు. ఇన్వాయిస్ కనిపిస్తే రద్దు చేయి. ఉత్తరాన్ని యథాతథంగా ఫిషింగ్ ఎట్ పేపాల్ డాట్ కామ్‌కు పంపి, తరువాత తీసివేయి.

లింకుల విషయంలో నేను కొత్తవారందరికీ చెప్పే పోలిక ఒకటుంది. మనం కవరు మీద ఇంటి నంబరు, వీధి, చివర విశాఖపట్నం అని రాస్తాం. వెబ్ చిరునామాలోనూ https:// తరువాత వచ్చే మొదటి ఏటవాలు గీత (/)కు ముందు, చివరన డాట్ కామ్ వంటి ముక్కతో కలిసి ఉన్న పేరే అసలు ఊరు. మొదట పేపాల్ అని ఉండి, చుక్క తరువాత చివరికి వేరే పేరు వస్తే ఆ సైటు ఆ వేరే పేరువాడిదే. చిన్న ఎల్ ఉండవలసిన చోట పెద్ద ఐ పెట్టి కంటిని మోసగించే పద్ధతి కూడా చాలా పాతది.

నేనూ మొదటి ఏడాది మోసపోయాను. పాత మంచం అమ్మకానికి పెడితే, కొంటానన్న మనిషి డబ్బు పంపానన్నాడు. నా ఖాతాను వ్యాపార ఖాతాగా మారిస్తేనే అది జమ అవుతుందనీ, అందుకోసం కొనుగోలుదారు అదనంగా 300 డాలర్లు పంపాడనీ, వాటిని అతడికి తిరిగి పంపాలనీ ఒక చెల్లింపు సేవ పేరుతో ఈమెయిలు వచ్చింది. బ్యాంకు ఖాతా తెరిచి చూడకుండా ఉత్తరాన్నే నమ్మి, నా డబ్బు పంపాను. అనుమతి లేకుండా ఎవరో తీసిన సొమ్ముకు ఇక్కడి చట్టం రక్షణ ఇస్తుంది కానీ, మన చేత్తో మనమే పంపినది తిరిగి రావడం చాలా కష్టం. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇలాంటివి ఎస్సెమ్మెస్‌గా వస్తే, ఇక్కడి మొబైల్ కంపెనీలు ఇలాంటి ఫిర్యాదుల కోసం పెట్టిన 7726 నంబరుకు ఫార్వర్డ్ చేయి. సంస్థకు చెప్పడంతో ఆగక, ఇక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ వారి రిపోర్ట్‌ఫ్రాడ్ డాట్ ఎఫ్‌టీసీ డాట్ గవ్‌లో కూడా నమోదు చేయి. డబ్బు పోయినట్లయితే ఎఫ్‌బీఐ వారి ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదు కేంద్రం ఐసీ3లో కూడా ఫిర్యాదు చేయాలి. విద్యార్థి వీసా మీద ఉన్నామని భయపడి మౌనంగా ఉండిపోయే పిల్లలను చూశాను. మోసపోవడం నేరం కాదు, తమ్ముడూ.

జవాబు (విశాఖపట్నం, సీతమ్మధార నుంచి)

బాబూ, నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, మా అమ్మాయి కూడా అమెరికాలోనే ఉంది. నీతోపాటు గాజువాకలోని మీ అమ్మానాన్నలను కూడా జాగ్రత్తపడమను. బిల్లు కట్టలేదు, ఈ రాత్రికే కరెంటు తీసేస్తాం అనే ఎస్సెమ్మెస్‌లు పెద్దవాళ్లకే ఎక్కువగా కంగారు పుట్టిస్తాయి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కరలేదని, పిన్ నొక్కమన్నారంటే మన ఖాతాలోంచి పోతున్నట్టేనని వారికి చెప్పు. పొరపాటు జరిగితే బంధువులకు చెప్పుకునే లోపే మన దేశపు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి; సొమ్ము మరో ఖాతాలోకి మారిపోకముందే ఆపించగలిగే అవకాశం ఆ తొలి గంటల్లోనే ఎక్కువ.

ప్రశ్న అడిగినవారి నుంచి

ఇద్దరికీ కృతజ్ఞతలు. యాప్‌లో ఇన్వాయిస్ కనిపించింది, రద్దు చేశాను. అయితే నా గదిలో ఉండే అనకాపల్లి అబ్బాయి పోయిన వారం ఇలాంటి లింకులోనే పాస్‌వర్డు ఇచ్చాడట.

జవాబు (న్యూజెర్సీ నుంచి)

ఇప్పుడే మార్చమను. అదే పాస్‌వర్డు ఈమెయిలుకూ పెట్టి ఉంటే ముందు ఈమెయిలుది మార్చాలి, ఎందుకంటే మిగతా ఖాతాల పాస్‌వర్డులన్నీ దాని ద్వారానే మార్చవచ్చు. ఆపైన రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డుతోపాటు ఫోనుకు వచ్చే కోడ్ వంటిది కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకొని, కార్డు వెనక ఉన్న నంబరుకే ఫోన్ చేసి బ్యాంకుకు చెప్పాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు (ఇక్కడి ప్రభుత్వం ఒక్కొక్కరికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) కూడా ఇచ్చి ఉంటే ఐడెంటిటీథెఫ్ట్ డాట్ గవ్‌లో నమోదు చేయాలి. ఒంటరిగా చేయడానికి జంకితే సాయంత్రం ఇద్దరూ కలిసి నాకు ఫోన్ చేయండి, పక్కనుండి చేయిస్తాను.